అధ్యక్షుడి మూడో చెయ్యి

పోయిన వారం మన పిచ్చుకని స్టూడియో మెట్ల మీద, చేతిలో కవరుతో, ఒక కాలు పై మెట్టు మీదా ఒక కాలు కింది మెట్టు మీదా పెట్టించి వదిలేశాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. కాళ్ళు లాగేస్తున్నా మనల్ని ఒక్క మాట అనలేదు. అంత మంచి పిల్లని ఇంకా నిలబెట్టడం పాపం కాబట్టి, లోపలికి పిలిపించేద్దాం.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పిచ్చుక అనేది నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. ఆ ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క ఫోటో స్టూడియో ఆమెది. రోడ్డుకి అవతల లైబ్రరీ ఉంది. లైబ్రరీకి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయి కాబట్టి ప్రత్యేక సంచిక వేస్తున్నారు, అట్ట మీదికి వ్యవస్థాపకుల ఫోటో కావాలన్నారు. ఆ ఫోటోతోనే చిక్కు. అందులో పదకొండు మంది పెద్దమనుషులు, ఇరవై మూడు చేతులు ఉన్నాయి.

ఆ ఇరవై మూడో చెయ్యి మధ్యలో కూర్చున్న అధ్యక్షుడి కుడి భుజం పక్కన, కుర్చీ వీపు మీద ఉంటుంది. మనిషి లేడు, చెయ్యి మాత్రం ఉంది. బొటనవేలికి ఉంగరంలాంటిదేదో కూడా ఉంది. అధ్యక్షుడికి మూడు చేతులని ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా నడక కంటే ముందు నేర్చుకుంటుంది. పుస్తకం చింపితే మూడో చెయ్యి వచ్చి వీపు వాయగొడుతుందని పిల్లల్ని బెదిరిస్తారు. ఒకసారి ఎవరో పెద్ద ఉపన్యాసకుడు వచ్చి, ఒకటి విద్య, ఒకటి సేవ, మూడోది త్యాగం అని రెండున్నర గంటలు మాట్లాడాడు. అప్పుడు వేసిన ఫ్యాన్లు ఇప్పటికీ అలసటగా తిరుగుతాయి.

ఈ ఎగతాళి ఇక చాలని లైబ్రరీ కార్యదర్శి తీర్మానించాడు. ఆయన ప్రతి ఉపన్యాసాన్నీ "నిరక్షరాస్యురాలైన తల్లి కడుపున పుట్టి ఇంతవాణ్ణయ్యాను" అని మొదలుపెట్టే మనిషి. పిచ్చుకని పిలిచి, "అమ్మాయ్, ఆ చెయ్యి తీసెయ్. నాలుగింటికి వచ్చి పట్టుకెళ్తా," అన్నాడు. పిచ్చుక తీసేసింది. రెండు నిమిషాలు పట్టింది, అందులో ఒకటిన్నర కంప్యూటరు నిద్రలేవడానికి. ప్రింటు కవర్లో పెట్టి, తనే ఇచ్చేసి వద్దామని మెట్లు దిగుతుంటే లోపల్నించి నాయనమ్మ పిలిచింది.

"ఏదే, ఒకసారి చూపించి వెళ్ళు."

అక్కడ ఆపాం. ఇక్కడ మొదలుపెడుతున్నాం.

నాయనమ్మకి ఎనభై తొమ్మిదేళ్ళు. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల ముందు కూర్చుని ఉంది. అది ఫోటో ప్లేట్లకి మెరుగులు దిద్దే బల్ల. దాని మీదే యాభై ఏళ్ళు మొటిమలు తీసింది, మచ్చలు మాపింది, మెల్లకన్నుల్ని తిన్నగా చేసింది. ఆవిడ చెయ్యి పడితే తప్ప ఆ ఊళ్ళో ఎవరికీ అందం ఉండేది కాదని చెప్పుకుంటారు. పని కుడికన్నుని అరగదీసింది, వయసు ఎడమకన్నుని అరగదీసింది. అయినా భూతద్దం పట్టిందంటే, ఫోటో తీసినప్పుడు మీరు ఊపిరి బిగబట్టారో లేదో చెప్పేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్టూడియో గుమ్మం నుంచి లైబ్రరీ గేటుకి పదమూడు అడుగులు. డెబ్బై మూడేళ్ళుగా ఆ పదమూడు అడుగులూ ఆవిడ వెయ్యలేదు. ఎందుకని అడిగితే, "కాళ్ళనొప్పులు," అనేది. పదహారో ఏట నుంచీ కాళ్ళనొప్పులేమిటని ఎవరూ లెక్క కట్టలేదు.

పిచ్చుక ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. నాయనమ్మ భూతద్దం ఒక చివర నుంచి మొదలుపెట్టి, పెద్దమనుషుల మీసాలన్నీ దాటుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చి ఆగింది.

"చెయ్యేదే?"

"తీసేశా నాయనమ్మా. కార్యదర్శి గారు తియ్యమన్నారుగా. చూడు, చెక్క గీతలు కూడా ఎంత బాగా కలిపేశానో."

"బాగా కలిపావు." నాయనమ్మ గొంతులో మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు. "ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలు."

నాయనమ్మ భూతద్దం బోర్లించింది. "నాకు అయిదు రోజులు పట్టింది. అయినా చెయ్యి మాత్రం వదిలేశాను."

పిచ్చుక నవ్వబోయింది. నాయనమ్మ మొహం చూసి ఆ నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దగ్గులోకి మార్చింది.

"ఆ చెయ్యి ఎవరిది?"

"మా అక్కది."

"నీకు అక్క ఉందా?"

"ఉండేది. నేనే గీకేశాను."

నాయనమ్మ లేచింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఇనప్పెట్టె అడుగు నుంచి నల్లగుడ్డలో చుట్టిన గాజు ప్లేటు తీసి, అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తింది.

"చూడు. ప్లేటు మీద లోకం తారుమారుగా ఉంటుంది. తెలుపు నల్లగా, నలుపు ఖాళీగా. వెనకాల నల్ల తెర కట్టి తీశారు, అందుకని ఇక్కడంతా ఉత్త గాజే. మనిషిని తియ్యాలంటే చిన్న కత్తితో గాజు మీది నల్ల పూత గీకెయ్యాలి. గీకితే ఉత్త గాజు మిగులుతుంది. కాగితం మీద అచ్చు వేస్తే అది తెరలో కలిసిపోతుంది."

పిచ్చుక దగ్గరగా వంగి చూసింది. కుర్చీ వెనక ఉత్త గాజు మీద, వెంట్రుక కంటే సన్నగా వందల గీతలు. దూరం నుంచి ఏమీ లేదు. దగ్గర నుంచి మాత్రం ఒక మనిషి ఆకారం, భుజాలు, మెడ, తల, అన్నీ గీతలే.

"అక్క పుస్తకాలు బైండు చేసేది," అంది నాయనమ్మ, ప్లేటుని జాగ్రత్తగా కిందికి దించి. "ఆ లైబ్రరీ మొదలైందే మా అక్క తెచ్చిన రెండు పెట్టెల పుస్తకాలతో. ఈ పదకొండు మందీ ఏం తెచ్చారో తెలుసా? మీసాలు తెచ్చారు. ఫోటో రోజున కుర్చీలు పదకొండే వేశారు. అక్క వెనకాల నిలబడింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ మీద వేసింది. బొటనవేలికి అది ఉంగరం కాదే, దారం లాగేటప్పుడు కోసుకోకుండా వేసుకునే తోలు తొడుగు. తియ్యడం మర్చిపోయింది."

"మరి ఎందుకు గీకించారు?"

"మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ళకి చదువు చెప్పేది, వెనక గదిలో. రిజిస్టరు పెట్టింది. ఫలానా వారి భార్య, ఫలానా వారి కోడలు అని రాస్తే ఒప్పుకునేది కాదు. 'మీ ఆయన వచ్చి చదువుతాడా ఏంటి, నీ పేరు రాయి,' అనేది. ముప్ఫై ఒక్క మంది చేరారు. అందులో అధ్యక్షుడి భార్య కూడా ఉంది."

నాయనమ్మ ప్రింటులో అధ్యక్షుడి వైపు వేలు చూపించింది. వేలు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, నొక్కి మాపేద్దామన్నట్టు.

"ఏళ్ళ తరబడి ఆవిడ చేత ఏవేవో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవాడు. చదవడం వచ్చాక మొట్టమొదట ఆవిడ చదివింది కథ కాదు, అలాంటి కాగితమే. వాళ్ళమ్మ ఇచ్చిన ఇంటిని ఇష్టపూర్వకంగా మొగుడికి రాసిచ్చేస్తున్నట్టుంది. వేలిముద్ర వెయ్యమన్న చోట కలం తీసుకుని 'ఇస్టం లేదు' అని రాసింది. 'ష్ట' ఇంకా రాలేదు పాపం. అక్షరం తప్పింది గానీ మాట తప్పలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. వెనక గదికి తాళం. రిజిస్టరు చింపెయ్యమన్నారు. అక్కని పనిలోంచి తీసేశారు. నెల తిరక్కుండానే అధ్యక్షుడి భార్య ఏదో ఊళ్ళో జ్వరంతో పోయిందని చెప్పారు. చదువుకునే హాలుకి ఆవిడ పేరే పెట్టారుగా, పాలరాయి మీద. ఇక ఫోటో మిగిలింది. అధ్యక్షుడు ఇక్కడికి వచ్చి, ఇదిగో, నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, మనిషిని తీసెయ్యమన్నాడు. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఈ స్టూడియోలో గీకుడు పని నాది. పని పోతే ఇద్దరికీ తిండి లేదు."

"కుదరదని చెప్పొచ్చుగా." అనేశాక పిచ్చుకకే ఆ మాట చెవికి చేదుగా తగిలింది. రెండు నిమిషాల్లో చెరిపేసిన మనిషి అనాల్సిన మాట కాదది.

నాయనమ్మ పట్టించుకోలేదు. "అక్కే చెప్పింది. 'ఎవడో ఒకడి చేత ఎలాగూ గీకిస్తారు. నువ్వయితే కాస్త జాగ్రత్తగా గీకుతావు,' అంది. మొదటి రోజు బట్ట గీకాను. రెండో రోజు భుజాలు. మొహం చివరి దాకా ఉంచాను. ప్లేటు మీద కళ్ళు తెల్లగా ఉంటాయే, దెయ్యం కళ్ళలా. ఆ కళ్ళు నన్నే చూస్తుంటే అయిదో రోజున కళ్ళు మూసుకుని గీకాను. ఇంత మనిషీ చిటికెడు పొడి అయింది. అగ్గిపెట్టెలో పోశాను, అడుగు కూడా నిండలేదు."

"చెయ్యి?"

"చెయ్యి గీకడానికి నాకు చెయ్యి రాలేదు."

ఆ మాట అని ఆవిడ తన చేతిని చూసుకుంది. పిచ్చుక కూడా చూసింది. బొటనవేలు కాస్త పక్కకి తిరిగి ఉంటుంది, చిటికెన వేలు పొట్టి. చిన్నప్పట్నుంచీ ఫోటోలో చూసి నవ్విన చెయ్యి అచ్చం అలాంటిదే. ఇంట్లోనే ఉంది, రోజూ తనకి తల దువ్వింది.

"అధ్యక్షుడు అడిగాడు, ఇది మిగిలిపోయిందేమని. కుర్చీది లేతరంగు చెక్క. అందుకని ఒక అబద్ధం ఆడాను. 'ఇక్కడ గీకితే కుర్చీకి నల్లగా చిల్లు పడుతుందండీ,' అన్నాను. పెన్సిలుతో పూడ్చెయ్యొచ్చు, పది నిమిషాల పని. ఆయనకేం తెలుసు. కుర్చీకి చిల్లు పడుతుందంటే మాత్రం భయపడ్డాడు. కుర్చీ అంటే వాళ్ళకి ప్రాణం కదా."

"మీ అక్క ఏమైంది నాయనమ్మా?"

"బస్సెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, 'ఎప్పుడైనా నేను గుర్తొస్తే ఆ నిఘంటువు తిరగెయ్యవే,' అంది. లైబ్రరీకి తను బైండు చేసిన ఆఖరి పుస్తకం అది, పని పోయాక ఇంట్లోనే పూర్తి చేసి ఇచ్చింది. నా రాత నిండా తప్పులుండేవిలే, వెళ్తూ వెళ్తూ కూడా వెక్కిరిస్తోంది అనుకున్నాను. మళ్ళీ ఒక్క ఉత్తరం రాలేదు. మొహం గీకేసిన చెల్లెలికి ఎవరు రాస్తారు?" నాయనమ్మ నల్లగుడ్డని మడత మీద మడత పెట్టింది, ఇంక మడవడానికి గుడ్డ మిగలనంత వరకూ. "ఊరంతా ఆ చెయ్యి చూసి నవ్వుతుంటే బాధగానే ఉండేది. కానీ నవ్వడానికైనా చూస్తున్నారు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."

పిచ్చుక కంప్యూటరు దగ్గరికి వెళ్ళి పాత ఫోటో మళ్ళీ తెరిచింది. అది తెరుచుకోవడానికి పట్టిన ఒకటిన్నర నిమిషం ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. చెయ్యి ఉంది. తోలు తొడుగుతో సహా ఉంది. ప్రింటు తీసింది. బల్ల మీదున్న మొదటి ప్రింటుని నాలుగు ముక్కలు చేసింది, అవి సరిపోలేదనిపించి ఎనిమిది చేసింది.

సరిగ్గా నాలుగింటికి కార్యదర్శి వచ్చాడు. చంకలో తలగడంత లావు పాత పుస్తకం ఒకటి ఉంది. అవతల లైబ్రరీ గేటు ముందు లారీ ఆగి ఉంది, దాంట్లోకి పుస్తకాల కట్టలు విసురుతున్నారు.

"అయిందా అమ్మాయ్? ఫోటో మడత పడకుండా దీంట్లో పెట్టుకెళ్దామని తెచ్చా. మిగతా పాత చెత్తంతా లారీ ఎక్కించేస్తున్నాం. సభకి కుర్చీలు వెయ్యడానికి చోటు చాలట్లేదు."

పిచ్చుక కవరు ఇచ్చింది. ఆయన తీసి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"చెయ్యి అలాగే ఉందేంటి?"

"తియ్యడానికి కుదర్లేదండీ," అంది పిచ్చుక, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. "తీస్తే కుర్చీకి చిల్లు పడుతోంది."

"కంప్యూటర్లో కూడానా?"

"కంప్యూటర్లో అయితే ఇంకా పెద్ద చిల్లండీ. అధ్యక్షుల వారు కూడా అందులో పడిపోయేలా ఉన్నారు."

కార్యదర్శి ఆలోచనలో పడ్డాడు. కిటికీ దగ్గర నాయనమ్మ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనక నుంచి తెలియలేదు. ఇటు తిరిగాక కూడా పూర్తిగా తెలియలేదు.

"బాబూ," అంది. "ఆ చంకలోది ఏం పుస్తకం?"

"నిఘంటువు పెద్దమ్మా. మొదటి సంపుటం. అ నుంచి న దాకా."

"ఒకసారి ఇటిస్తావా?"

ఆయన బల్ల మీద పెట్టాడు. నాయనమ్మ అట్ట మీద చెయ్యి వేసింది. తెరవలేదు. అట్ట అంచులో కుట్టుని వేలితో తడుముకుంటూ వెళ్ళింది, మూడు కుట్లు దగ్గరగా, ఒకటి దూరంగా, మళ్ళీ మూడు దగ్గరగా. ఆ కుట్టు ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు దీపం వెలుగులో ఆ సూదికి దారం ఎక్కించింది ఆవిడే.

"తిరగెయ్యి అంది," నాయనమ్మ మెల్లిగా అంది, తనలో తనే. "చదువు అనలేదు. తిరగెయ్యి అంది."

పుస్తకాన్ని బోర్లా తిప్పి, కుట్టున్న వీపు పైకి పెట్టింది. సొరుగులోంచి చిన్న కత్తి తీసింది. అదే కత్తి.

"పెద్దమ్మా, అది లైబ్రరీ ఆస్తి," అన్నాడు కార్యదర్శి కంగారుగా.

"ఇందాక చెత్త అన్నావు కదా నాయనా."

అట్ట వీపు అంచున కత్తి సన్నగా నడిచింది. తోలు విడిపోయింది. బైండింగు వాళ్ళకి పాత కాగితం పారెయ్యడమంటే ప్రాణం పోయినట్టుంటుంది, వీపు గట్టిపడడానికి లోపల దాన్నే మడిచి దోపుతారు. ఇక్కడా దోపారు. జిగురు మాత్రం పెట్టలేదు. మళ్ళీ తియ్యాలనుకుని దోపినవాళ్ళు జిగురు పెట్టరు.

పిచ్చుక మడతలు విప్పింది. గళ్ళు కొట్టిన రిజిస్టరు కాగితం. ఒక గడిలో పేర్లు, పక్క గడిలో 'ఎందుకు చేరుతున్నారు'. ఒక్కొక్క వరస ఒక్కొక్క చేతిరాత. కొన్ని అక్షరాలు గీత మీద నిలబడలేక పక్కకి పడిపోయాయి. పిచ్చుక పైకి చదివింది.

"మందు సీసా మీద ఏముందో తెలుసుకోడానికి. నాకొచ్చిన ఉత్తరం పక్కింటావిడ చదవకుండా. ఊరికే. పుట్టబోయే బిడ్డకి కథలు చదివి చెప్పడానికి."

"ఆ ఆఖరిది ఎవరమ్మా?" కార్యదర్శి వంగి పేరు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ఆయన ఏదైనా రెండుసార్లు చూడనిదే నమ్మడు, ఈసారి మూడోసారి కూడా చూశాడు. తర్వాత ఫోటోలు దిగేవాళ్ళ కోసం వేసిన స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఇది మా అమ్మ పేరు," అన్నాడు. "మా అమ్మకి చదువు రాదండీ. నా బడి కాగితాలన్నిటి మీదా వేలిముద్రే వేసేది. ప్రతి సభలో చెప్తాను కదా."

"వచ్చు నాయనా," అంది నాయనమ్మ. "మా అక్క గదికి తాళం పడ్డాక అందరికీ రాకుండా పోయింది. రాదని చెప్పుకుంటేనే ఇంట్లో బతకనిచ్చేవాళ్ళు."

కార్యదర్శి మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకున్నాడు. "రాత్రిళ్ళు పుస్తకం పట్టుకుని కథలు చెప్పేది," అన్నాడు. "బొమ్మలు చూసి అల్లుతోంది అనుకునేవాణ్ణి. ఆ పుస్తకాల్లో బొమ్మలు లేవు." డెబ్బై నాలుగేళ్ళ మనిషి, వెయ్యి సభల్లో మాట్లాడినవాడు, స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని ఆ పేరుని అక్షరం అక్షరం వేలితో దిద్దాడు.

పిచ్చుక కుర్చీలో కూర్చుని కాగితం తిప్పింది. వెనక వైపు గళ్ళు లేవు. నిలువునా ఒకే చేతిరాత, ఒక్క అక్షరం కూడా పక్కకి పడలేదు.

"చదవవే," అంది నాయనమ్మ. ఆవిడ చెయ్యి పిచ్చుక భుజం పక్కన, కుర్చీ వీపు మీదికి చేరింది.

"'చెల్లీ, తిరగేశావన్నమాట. ఎన్నాళ్ళకి తిరగేశావో గానీ, నీమీద నాకు కోపం లేదు. ప్లేటు చూశాను. చెయ్యి వదిలేశావు, అది చాలు. ఉత్తరాలు రాస్తే విప్పి చూస్తారు, అందుకని ఇక్కడ రాస్తున్నా.'"

నాయనమ్మ కుర్చీని గట్టిగా పట్టుకుంది. పదమూడు అడుగులు. డెబ్బై మూడేళ్ళు.

"'నేను ఒక్కదాన్నే వెళ్ళడం లేదు. నాతో వస్తున్న ఆవిడ జ్వరంతో చచ్చిపోయిందని ఊళ్ళో చెప్తారు. పాలరాయి కూడా వేయిస్తారేమో. నమ్మకు. 'ష్ట' కూడా నేర్చేసుకుంది. మేమిద్దరం ఉండబోయే ఊరు'"

పిచ్చుక ఆగింది.

"ఊరు?" అంది నాయనమ్మ.

"కాగితం అయిపోయింది నాయనమ్మా. కింద ఒక బాణం గీసి, 'మిగతాది రెండో సంపుటం వీపులో' అని ఉంది."

ముగ్గురూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. అవతల లారీకి వెనక తలుపు వేసి గొలుసు తగిలించారు. ప నుంచి క్ష దాకా లోపలే ఉంది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

పిచ్చుక చెప్పులు వెతుక్కోలేదు. మెట్ల దగ్గరికి చేరేసరికి ఆమెకంటే ముందు ఎవరో గుమ్మం దాటి రోడ్డు మీదికి దిగారు. బల్ల మీది భూతద్దం ఎప్పుడు అందుకున్నారో, చేతిలో ఉంది. లారీకి అడ్డంగా, ఆ పదమూడు అడుగుల్లో మొదటి అడుగు నాయనమ్మ వేసేసింది.